జీడితోట, గోరింకలు, తప్పెటగుళ్లు: ఉద్దానంలో ఒక ప్రాజెక్టు డైరీ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో, సోంపేటకు దగ్గరలో ఉన్న మా ఊళ్లో రామమందిరం వెనుక 80 సెంట్ల ఉమ్మడి తోట ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను తీరం దాటినప్పుడు అందులోని కొబ్బరి చెట్లు చాలావరకు కూలిపోయాయి. కొన్ని మొవ్వు విరిగి మొండి మానులుగా నిలిచాయి. జీడి, పనస చెట్లు అక్కడక్కడ మిగిలాయి. ఈ స్థలంలో పిట్టలు, కప్పలు, సీతాకోకచిలుకలు నిలదొక్కుకోవాలి. ఏడాదిలో కొన్ని సాయంత్రాలు ఇక్కడే తప్పెటగుళ్లు (రేకు తప్పెటలు వాయిస్తూ ఆడే ఆట), జముకుల కథ (జముకు వాద్యంతో చెప్పే కథ), హరికథ, తూర్పు భాగోతం (ఉత్తరాంధ్ర వీధి నాటకం) కూడా జరగాలి. ఈ రెండు పనులూ ఒకదానినొకటి చెడగొట్టుకోకుండా సాగాలంటే వెలుతురు, చప్పుడు, తేదీ అనే మూడింటినీ తోటలోని ప్రాణుల వీలును బట్టి నిర్ణయించాలన్నది ఈ డైరీలో తేలిన విషయం. ఇదే పని మరో ఊళ్లో చేయదలచినవారికి ఉపయోగపడేలా కొలతలూ ఖర్చులూ చెడిపోయిన ప్రయత్నాలూ ఇక్కడ రాస్తున్నాను. మొక్కలు నాటడం వీటన్నిటిలో సులువైన పని కనుక దాని గురించి తక్కువే ఉంటుంది.

దశ 1: మొండి మానులు

తోటలో మొవ్వు లేని కొబ్బరి మానులు 7 నిలిచి ఉన్నాయి. గోరింకలు, రామచిలుకలు, పాలపిట్టలు ఇటువంటి మానుల తొర్రల్లో గూడు పెడతాయి కనుక అన్నింటినీ ఉంచాలని మొదట అనుకున్నాము. పక్క తోటల రైతులు దీనికి ఒప్పుకోలేదు, వారి అభ్యంతరం న్యాయమైనదే. కుళ్లుతున్న కొబ్బరి మాను కొమ్ము పురుగుకు పుట్టిల్లు. ఆ పురుగు లేత మొవ్వును తొలిచినప్పుడు, తర్వాత విచ్చుకునే ఆకులు కత్తెరతో కత్తిరించినట్టు కనిపిస్తాయి. తుఫాను తర్వాత అప్పుచేసి కొత్త మొక్కలు నాటుకున్న రైతు పక్కన పిట్టల పేరు చెప్పి పురుగును పెంచడం కుదరదు.

చివరకు చేసినది ఇది:

1. ఒక్కొక్క మానును మొదట్లోనూ, నడుము ఎత్తులోనూ సుత్తితో కొట్టి చూశాము. గుల్ల చప్పుడు మొదట్లోనే వచ్చినవి 4. వాటిని కోయించాము.
2. మిగిలిన 3 మానుల ఎత్తు 14, 17, 19 అడుగులు. వాటి తలభాగంలో కుళ్లిన మెత్తటి గుజ్జును కొడవలితో తీయించి, ఎండిన గట్టి భాగాన్ని మాత్రమే ఉంచాము.
3. కోసిన మానులను తోటలో పడవేయకుండా ముక్కలు చేయించి ఇటుక బట్టీకి పంపించాము.
4. పేడ గుంటలో మెటారైజియం శిలీంధ్రాన్ని నీటిలో కలిపి చల్లాము. కొమ్ము పురుగు లద్దెపురుగులు కుళ్లిన మానుల్లోనే కాక పేడ గుంటలోనూ ఎక్కువగా పెరుగుతాయి. ఈ శిలీంధ్రం సోకి చచ్చిన లద్దెపురుగు మీద మొదట తెల్లగా, తర్వాత పచ్చగా బూజు కడుతుంది. అది కనిపిస్తే మందు పనిచేస్తున్నట్టే.
5. ఆకర్షక ఎర ఉన్న బకెట్ ఉచ్చు ఒకటి కట్టాము. దీనిని లేత కొబ్బరి మొక్కల నడుమ కట్టకూడదు, ఎర వాసనకు వచ్చిన పురుగులన్నీ బకెట్‌లో పడవు, కొన్ని పక్క చెట్టు మీదే ఆగిపోతాయి. మా ఉచ్చును జీడి చెట్ల వైపుకు మార్చిన తర్వాతే పక్క రైతులు నమ్మారు.

నిలిపిన మానుల చుట్టూ 25 అడుగుల వ్యాసార్థంతో తాడు కట్టి, ఆ వలయంలో ఎవరూ కూర్చోకూడదని నియమం పెట్టుకున్నాము. ఎత్తయిన మాను 19 అడుగులు కనుక అది ఎటు పడినా 6 అడుగుల భద్రత మిగులుతుంది. ఏటా సెప్టెంబరులో, తుఫానుల కాలానికి ముందు, సుత్తి పరీక్ష మళ్లీ చేయాలి.

ఖర్చు: కోత కూలి రూ. 2,000, శిలీంధ్రపు పొడి రూ. 400, ఉచ్చు, ఎర రూ. 650. ఇంతవరకు మొత్తం రూ. 3,050.

దశ 2: నీటి గుంట

ఎక్కువ కాలం, ఎక్కువ తంటా ఈ దశలోనే. ఉద్దానం నేల చాలాచోట్ల ఇసుక పాలు ఎక్కువ ఉన్నది, నీరు నిలవదు. గుంట 8 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, నడుమ 2 అడుగుల లోతు. సగటు లోతు ఒక అడుగు అనుకుంటే 48 ఘనపుటడుగులు, అంటే సుమారు 1,360 లీటర్ల నీరు పడుతుంది.

మొదటి ప్రయత్నం చెరువు బంకమట్టి. ఒక ట్రాక్టరు మట్టిని తెచ్చి, తడిపి, తొక్కి, 4 అంగుళాల మందాన పరిచాము. నీరు రోజుకు 3 అంగుళాలు తగ్గింది. ఎండకు ఆవిరైపోతున్నదా, నేలలోకి ఇంకిపోతున్నదా అన్న వాదన వచ్చింది. దీనిని తేల్చడానికి గుంట గట్టున ఒక బకెట్‌లో నీరు పోసి, లోపల మట్టం దగ్గర గీత పెట్టి, రెండింటినీ ఒకే సమయానికి కొలిచాము. బకెట్‌లో తగ్గినది రోజుకు పావు అంగుళం. మిగిలినదంతా నేలపాలే. నాలుగు అంగుళాల మట్టి ఇసుక నేల మీద చాలదు. అడుగు మందం వేస్తే ఆగవచ్చునేమో గాని, చెరువు నుంచి అంత మట్టి తేవడం మాకు న్యాయంగా తోచలేదు.

రెండవ ప్రయత్నం మామూలు టార్పాలిన్. నీరు నిలిచింది, కాని అంచులు ఎండకు పెళుసుబారి చీలిపోయాయి, కింద నుంచి ఎలుకలు కొరికాయి.

మూడవది వ్యవసాయ నీటి కుంటల్లో పరిచే 500 మైక్రాన్ల నల్ల ప్లాస్టిక్ షీటు. దీనికి కావలసిన కొలతను ఇలా కట్టాలి: పొడవుకు రెండు లోతులూ, గట్టు మీద అటూ ఇటూ ఒక్కొక్క అడుగూ కలపాలి. మాకు 8 + 4 + 2 = 14 అడుగులు, వెడల్పు 6 + 4 + 2 = 12 అడుగులు. షీటు కింద పాత గోనెసంచులు, పైన 4 అంగుళాల మట్టి వేసి, ఏ అంచూ ఎండకు కనిపించకుండా రాళ్లతో కప్పాము. ఇప్పుడు గుంటలో నీటి తగ్గుదల బకెట్ తగ్గుదలతో సమానంగా ఉంది.

గట్లు నిటారుగా ఉన్నంతకాలం ఉడుతలు, తొండలు నీటిలో పడి బయటికి రాలేక చచ్చిపోయాయి. అందువల్ల తూర్పు వైపు గట్టును ప్రతి అడుగు లోతుకు మూడు అడుగుల పొడవు వచ్చేలా ఏటవాలుగా మార్చి, గరుకు రాళ్లు పరిచాము. ఆ తర్వాత గుంటలో ప్రాణి శవం కనిపించలేదు. పిట్టలు కూడా ఆ వైపే దిగి స్నానం చేస్తున్నాయి.

దోమల సంగతి వేరుగా చెప్పాలి. నీరు నిలువ ఉన్నచోట గంబూసియా చేపలు వదలమని సలహాలు చాలా వచ్చాయి. ఆ చేప దోమ పిల్లలతో పాటు కప్ప గుడ్లనూ తోకకప్పలనూ తింటుంది కనుక మేము వదలలేదు. దానికి బదులు వారానికి ఒకసారి తెల్లటి గరిటెతో గుంట అంచుల్లో పది చోట్ల నీరు ముంచి, దోమ పిల్లలను లెక్కపెడుతున్నాము. ఒక గరిటెలో సగటున రెండుకు మించి కనిపిస్తే మూడోవంతు నీటిని మొక్కలకు తోడేసి, కొత్త నీరు పోస్తున్నాము. తూనీగలు గుడ్లు పెట్టి, వాటి పిల్లలు నీటిలో ఎదిగిన తర్వాత ఈ అవసరం బాగా తగ్గింది, తూనీగ పిల్ల దోమ పిల్లలను వేటాడుతుంది.

తొలకరి వానలకు కప్పలు వాటంతట అవే వచ్చాయి. ఎక్కడి నుంచీ పట్టి తేనవసరం లేదు, తేవడం మంచిది కూడా కాదు.

ఖర్చు: బంకమట్టి రూ. 1,200, టార్పాలిన్ రూ. 900, షీటు రూ. 1,560, కూలి రూ. 1,000. ఈ దశకు రూ. 4,660. ఇంతవరకు మొత్తం రూ. 7,710. ఇందులో రూ. 2,100 పనికిరాని రెండు ప్రయత్నాలకు పోయినది. ఇసుక నేల ఉన్నవారు నేరుగా షీటుతో మొదలుపెడితే అది మిగులుతుంది.

దశ 3: మొక్కలు

సీతాకోకచిలుకకు పూలు మాత్రమే పెడితే అది తాగి వెళ్లిపోతుంది. నిలవాలంటే గొంగళి పురుగు తినే ఆకు ఉండాలి. నిమ్మ, కరివేపాకు ఒక జాతికి, జిల్లేడు మరొక జాతికి, ఈశ్వరి తీగ ఇంకొకదానికి, తంగేడు పసుపు రెక్కలవాటికి. ఒక మూల జనుము చల్లాము.

కరివేపాకు దగ్గర ఒక చిక్కు వచ్చింది. ఊరి ఆడవారు కూరకు రెమ్మలు కోసుకుపోతారు, గొంగళి పురుగు కనిపిస్తే దులిపేస్తారు. వద్దని చెప్పడం కంటే మొక్కలను విడదీయడం మేలనిపించింది. మందిరం గోడ పక్కవి వంటకు, గుంట పక్కవి పురుగుకు. గుంట పక్కవాటికి ఎర్ర గుడ్డ పీలిక కట్టాము. ఇప్పుడు ఎవరూ వాటిని ముట్టుకోవడం లేదు.

మేకల నుంచి కాపాడటానికి తీరప్రాంతపు ఊళ్లలో పారవేసిన పాత చేపల వలను కంచెగా కట్టాము. అందులో ఒక జెర్రిపోతు చిక్కుకుంది, దానిని కత్తిరించి వదిలేశాము. ఆ తర్వాత వలను నేలకు 9 అంగుళాల పైకి ఎత్తి, కింది ఖాళీలో ఈతమట్టలు పాతాము.

ఖర్చు: మొక్కలు రూ. 640, జనుము విత్తనం రూ. 100. ఇంతవరకు మొత్తం రూ. 8,450.

దశ 4: పిచ్చుకల పెట్టెలు

పెంకుటిళ్లు పోయి డాబాలు వచ్చిన తర్వాత పిచ్చుకకు చూరు లేకుండా పోయింది. పెట్టెలు 6 చేయించాము.

1. అడుగు 6 అంగుళాల చదరం, ఎత్తు 9 అంగుళాలు, దళసరి చెక్క.
2. రంధ్రం వ్యాసం 32 మి.మీ. దీనికంటే బాగా పెద్దదైతే గోరింకలు లోపలికి దూరుతాయి.
3. రంధ్రం కింద కూర్చోవడానికి పుల్ల పెట్టవద్దు; పిచ్చుకకు అది అక్కరలేదు, కాకికి ఉపయోగపడుతుంది.
4. అడుగున నాలుగు సన్న బెజ్జాలు, నీరు పోవడానికి.
5. నేల నుంచి 10 అడుగుల ఎత్తులో, ముఖం తూర్పుకు.

మొదట వాన కోసం పైన రేకు వేశాము. ఏప్రిల్ మధ్యాహ్నం ఖాళీ పెట్టెలో ఉష్ణమాపకం పెట్టి చూస్తే 46 డిగ్రీలు చూపింది. అదే సమయానికి నీడలో 37. రేకులన్నీ తీసేసి, అల్లిన కొబ్బరి మట్టను రెండు పొరలుగా కప్పి చూస్తే 39కి దిగింది. ఎండాకాలంలో గుడ్లు బతకాలంటే ఈ ఒక్క మార్పు చాలా ముఖ్యం.

ఆరింటిలో రెండింటిలో పిచ్చుకలు దిగాయి, ఒకదానిలో కందిరీగలు, మిగిలినవి ఖాళీ. ధాన్యం కంకులను కుచ్చులుగా అల్లి మందిరం మండపంలో వేలాడదీసే పాత అలవాటును మళ్లీ మొదలుపెట్టిన తర్వాతనే పిచ్చుకలు ఇటు రావడం ఎక్కువైంది. ఆ కుచ్చులు అల్లడం ఊళ్లో ఇద్దరు పెద్దలకే వచ్చు. మా మొదటి కళా కార్యక్రమం నిజానికి అదే: పంట కోతలు అయిన తర్వాత ఒక ఆదివారం పిల్లలకు కుచ్చులు అల్లడం నేర్పించారు.

ఖర్చు: పెట్టె ఒక్కొక్కటి రూ. 220, ఆరింటికి రూ. 1,320. ఇంతవరకు మొత్తం రూ. 9,770.

దశ 5: వెలుతురు

తెల్లని ఎల్ఈడీ దీపాల కింద పురుగులు కుప్పలుగా రాలడం మొదటి రాత్రి కార్యక్రమంలోనే కనిపించింది. ప్రేక్షకుల తలల మీద, హార్మోనియం మెట్ల మీద, వంటల్లో కూడా పడ్డాయి. పురుగుకూ నష్టమే, మనిషికీ చిరాకే. ఏ దీపం ఎంత లాగుతుందో చూడటానికి ఒక పరీక్ష పెట్టాము.

1. అమావాస్య దగ్గరి రాత్రి ఎంచుకున్నాము.
2. రెండు తెల్ల పంచెలను 30 అడుగుల దూరంలో దండెం మీద వేశాము.
3. ఒకదాని ముందు 9 వాట్ల తెల్ల దీపం, రెండవదాని ముందు 9 వాట్ల పసుపు ఛాయ దీపం. దీపం అట్టపెట్టె మీద తెల్లదానికి 6500 కె, పసుపుదానికి 2700 కె అని ఉంటుంది (కె అంటే కెల్విన్, వెలుగు ఛాయను చెప్పే కొలత).
4. అరగంట తర్వాత పంచె మీద వాలినవాటిని లెక్కపెట్టాము.
5. దీపాల చోట్లు మార్చి మళ్లీ అరగంట చూశాము, ఒక చోటే పురుగు ఎక్కువ ఉండవచ్చునన్న అనుమానం పోవడానికి.

తెల్ల దీపానికి 143, పసుపు దీపానికి 38. చోట్లు మార్చిన తర్వాత 121, 41. అంటే స్థలం వల్ల కాదు, దీపం వల్లనే. ఇదే పరీక్ష వాన కురిసిన మర్నాడు చేస్తే రెండు పంచెలూ ఉసిళ్లతో నిండిపోయి లెక్కే కుదరలేదు. తొలి వానల తర్వాత రెండు మూడు రోజులు ఏ రంగు దీపమైనా ఒకటే, ఆ రోజుల్లో రాత్రి కార్యక్రమం పెట్టకపోవడమే పరిష్కారం.

పసుపు దీపాలకు రేకు గరాటాలు చేయించి, వెలుగు కిందికి మాత్రమే పడేలా 7 అడుగుల ఎత్తులో కట్టాము. గుంట వైపూ, మొండి మానుల వైపూ ఒక్క దీపం కూడా లేదు.

అయితే తూర్పు భాగోతం బృందం దీనికి అభ్యంతరం చెప్పింది. వారు ఆడే భామాకలాపంలో సత్యభామ ముఖానికి వేసిన రంగు పసుపు వెలుగులో వెలవెలబోతున్నదన్నారు, చూస్తే నిజమే. బృందంలో పెద్దాయన మాత్రం, "మాకేటి బాబూ, కాగడాల ఎలుగులో ఆడినోలం. రంగు కాస్త ముదరేస్తే సరి" అన్నారు. చివరికి రెండూ చేశాము. వారు రంగు ముదురుగా వేసుకున్నారు. మేము ఆటస్థలం ముందు రెండు తెల్ల దీపాలను నేల దగ్గర, మూడు వైపుల అట్టముక్క అడ్డుపెట్టి, ఆట నడిచేంతసేపు మాత్రమే వెలిగించాము. కాగడాల నాటి కళకు పసుపు వెలుగే సహజమని నా అభిప్రాయం, కాని ముఖంలో భావం కనిపించకపోతే భామాకలాపం చూడటంలో అర్థం లేదు.

ఖర్చు: దీపాలు 8 రూ. 880, తీగ రూ. 1,400, రేకు గరాటాలు 8 రూ. 480. ఇంతవరకు మొత్తం రూ. 12,530.

దశ 6: ఆటస్థలం, చప్పుడు

తప్పెటగుళ్లు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల యాదవ కుటుంబాల కళ. రేకు తప్పెటను గుండెకు కట్టుకుని, రెండు చేతులతో వాయిస్తూ, కాళ్లకు గజ్జెలతో ఎగురుతూ ఆడతారు. మొదటి ప్రదర్శన ఇసుక నేల మీదే జరిగింది. పాదం దిగబడి గతి తప్పింది, గజ్జెల చప్పుడు ఇసుకలో అణగిపోయింది, దుమ్ము గొంతులకు పట్టింది. కళాకారులు నోరు తెరిచి అనలేదు గాని, రెండో ఆట కుదించారు.

తర్వాత 30 అడుగుల వ్యాసంతో వలయం గీసి, రెండు ట్రాక్టర్ల కంకర మట్టి పరిచి, తడిపి, దిమ్మిసతో కొట్టి, పైన పేడనీళ్లు చల్లి కళ్లంలా చేయించాము. రూ. 2,400 అయింది. ఇంతవరకు మొత్తం రూ. 14,930. తోటలో ఇంత నేలను గట్టిపరచడం ప్రాణులకు నష్టమేనని తెలుసు. అందుకే వలయాన్ని తోట పడమటి కొసకు, మందిరం గోడకు దగ్గరగా పెట్టి, మిగిలిన నేలను ఆకులు ఊడ్వకుండా వదిలేశాము.

చప్పుడును ఫోన్‌లోని డెసిబెల్ మీటరుతో కొలిచాము. ఫోన్ కొలత ప్రయోగశాల కొలత కాదు, కాని ఒకే ఫోన్‌తో ఒకే సాయంత్రం తీసిన అంకెలను ఒకదానితో ఒకటి పోల్చవచ్చు. తప్పెటలు మైకు లేకుండా:

10 అడుగుల దూరంలో 95
20 అడుగుల దూరంలో 90
40 అడుగుల దూరంలో 84
80 అడుగుల దూరంలో 77

దూరం రెట్టింపైన ప్రతిసారీ సుమారు 6 తగ్గాలన్నది ఆరుబయట ధ్వని సూత్రం, మా అంకెలు దానికి దగ్గరగానే ఉన్నాయి. గోరింకలు గూడు పెట్టిన మాను మొదటి ఆటస్థలానికి 40 అడుగుల దూరంలో ఉండేది. తప్పెటలు మోగినంతసేపూ తల్లిదండ్రులు తొర్రకు రాలేదు, ఆట ఆగిన 40 నిమిషాలకు గాని మేత తేలేదు. ఆటస్థలాన్ని పడమటి కొసకు మార్చిన తర్వాత ఆ దూరం 130 అడుగులైంది. అక్కడ 73 వచ్చింది. గోరింకలు రాకపోకలు ఆపలేదు. చిలుకలు మాత్రం గోల చేశాయి, అవి నిశ్శబ్దంలోనూ చేస్తాయి.

తప్పెటగుళ్లకు మైకు అక్కరలేదు. జముకుల కథకు, హరికథకు అడిగారు. ఒక చిన్న స్పీకరును వలయం వైపుకు తిప్పి, వీపు తోట వైపు ఉండేలా, జనం చెవుల ఎత్తులో పెట్టాము. ఎత్తున కట్టిన గొట్టపు మైకు ఊరంతటికీ వినిపిస్తుంది గాని ముందు కూర్చున్నవారికి మాట స్పష్టంగా తెలియదు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు మైకు పెట్టకూడదు. మేము 9 గంటలకే ముగిస్తున్నాము. హరికథను తీర్చిదిద్దిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) పుట్టినది బొబ్బిలి దగ్గరి అజ్జాడలో. గొంతే సాధనంగా పెరిగిన కళ అది. వంద మంది జనానికి మైకు లేకుండా చెప్పగల హరిదాసులు ఇప్పటికీ ఉన్నారు, అడిగితే సంతోషంగా ఒప్పుకుంటారు కూడా.

దశ 7: తేదీలు

ఏడాదిని ఇలా పంచుకున్నాము.

జూన్ నుంచి సెప్టెంబరు: రాత్రి కార్యక్రమాలు లేవు. కప్పలు గుడ్లు పెట్టే కాలం, గిజిగాళ్లు ఈతచెట్లకు గూళ్లు అల్లే కాలం. పిల్లలతో పగటి పూట బొమ్మలు గీయించడం మాత్రమే. ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచిలో ఈ కాలంలోనే నత్తగుల్ల కొంగలు ఊరి చెట్ల మీద గూళ్లు కడతాయి, ఆ ఊరివారు వాటిని చుట్టాలుగా చూసుకుంటారు. పిల్లలను అక్కడికి తీసుకువెళ్లి, చూసినదానిని అక్కడికక్కడే గీయమన్నాము. ఫోటో చూసి గీసిన కొంగకూ, మెడ మీద ఎండపడుతుండగా చూసి గీసిన కొంగకూ తేడా స్పష్టంగా ఉంది.

అక్టోబరు: పందిరి వేయకూడదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. ఈ మూడు తేదీలు గోడ మీద రాసి ఉంచిన తర్వాత దసరాకు పందిరి వేద్దామన్న మాట మళ్లీ రాలేదు.

నవంబరు నుంచి జనవరి: మా అసలు కాలం. గూళ్లు ఖాళీ, వానలు తగ్గుతాయి, వరికోతలు అయిపోయి జనానికి తీరిక. తప్పెటగుళ్లు, తూర్పు భాగోతం, జముకుల కథ అన్నీ ఇప్పుడే. టెక్కలి వైపు తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉండేదీ ఈ చలికాలంలోనే. ధనుర్మాసంలో వలయంలో ముగ్గుల పోటీ పెట్టాము. రంగు పొడులు, రాతి ముగ్గు వద్దని, బియ్యప్పిండితోనే వేయాలని షరతు. మర్నాటి ఉదయానికి చీమలు, పిచ్చుకలు సగం ముగ్గు తినేశాయి. బహుమతి నిర్ణయం రాత్రే చేసేయడం మంచిదైంది.

ఫిబ్రవరి నుంచి మే: జీడి పూత, కాపు, తర్వాత పనస. తొర్రల్లో గూళ్లు. తప్పెటలు నిషేధం. అన్నిటికంటే ముఖ్యంగా ఎలుగుబంట్లు.

దీని గురించి వివరంగా రాయక తప్పదు. ఉద్దానంలో కొండగుట్టలకూ జీడితోటలకూ నడుమ ఎలుగుబంట్లు తిరగడం అందరికీ తెలిసినదే. చెదపురుగులు, చీమలు, తేనె దాని మామూలు ఆహారం. జీడిపళ్లు, పనసపళ్లు పండినప్పుడు ఆ వాసనకు తోటల్లోకి వస్తుంది. చూపు అంత బాగా ఆనదు కనుక మనిషి హఠాత్తుగా దగ్గర పడితే బెదిరి మీదికి వస్తుంది. మార్చిలో ఒక ఉదయం గుంట గట్టు బురదలో దాని అడుగు కనిపించింది, మనిషి పాదంలా వెడల్పుగా, ముందు గోళ్ల గీతలతో. ఆ వారం పెట్టుకున్న హరికథను మధ్యాహ్నం 3 గంటలకు మార్చాము.

ఇప్పుడు ఈ నాలుగు నెలలకు పాటిస్తున్నవి:

1. కార్యక్రమం సాయంత్రం 5 గంటలకు ముగియాలి, 5.30కి తోటలో ఎవరూ ఉండకూడదు.
2. జీడి పిక్కలు తీసిన తర్వాత పళ్లను తోటలో వదలకుండా ప్రతిరోజూ ఎత్తాలి. పనసకాయ చెట్టు మీద పండనివ్వకుండా ముందే దించాలి.
3. తోటకు పిక్కలు ఏరడానికి వెళ్లేవారు ఒంటరిగా, తెల్లవారుజామున వెళ్లకూడదు. ఇద్దరు ముగ్గురు పెద్దగా మాట్లాడుకుంటూ వెళ్లాలి.
4. అడుగులు కనిపిస్తే అటవీశాఖకు చెప్పాలి. తరమకూడదు.

నాలుగోది కొందరికి నచ్చలేదు. తప్పెటలు వాయించి తరిమేద్దామన్నారు, టపాకాయలన్నారు. బెదిరిన ఎలుగు పక్క తోటలో పిక్కలు ఏరుతున్న మనిషికి ఎదురుపడుతుంది. మన చప్పుడుకు వారు గాయపడతారు. ఈ మాట మీద సభలో చాలాసేపు వాదన జరిగి, చివరకు నియమంగా రాసుకున్నాము.

రాత్రి కార్యక్రమాలున్న కాలంలో పాముల జాగ్రత్త: ఆకుల కుప్పలను కూర్చునే చోటికి 40 అడుగుల దూరంలో ఉంచాము, నేల మీద చాపలకు బదులు బల్లలు వేశాము, వచ్చే దారి పొడవునా పసుపు దీపాలు పెట్టాము. కట్లపాము రాత్రి తిరిగేది. కాటు పడితే 108కి ఫోన్ చేయడం తప్ప వేరే వైద్యం చేయరాదని ప్రతి కార్యక్రమం మొదట్లో చెబుతున్నాము.

తాగునీరు మాత్రం తోట బోరుది ఇవ్వలేదు. మూత్రపిండాల జబ్బుతో ఇన్నేళ్లు బాధపడి, బోరు నీటినే అనుమానిస్తున్న ప్రాంతంలో ఆ విషయం చర్చించనవసరం లేదు.

దశ 8: లెక్క, మిగిలిన పని

తోట పనికి రూ. 14,930. మొదటి సంవత్సరం కళాకారులకు: తప్పెటగుళ్ల బృందానికి రూ. 12,000, జముకుల కథకు రూ. 5,000, హరికథకు రూ. 4,000. తూర్పు భాగోతం వారికి మందిరం కమిటీ తన ఖాతా నుంచి నేరుగా ఇచ్చింది కనుక ఇందులో లేదు. భోజనాలకు రూ. 6,200. కార్యక్రమాల మొత్తం రూ. 27,200. రెండూ కలిపి రూ. 42,130. జీడి పిక్కలు అమ్మగా రూ. 9,300, మిగిలినది చందాలు. కళాకారుల సొమ్మును ఆట మొదలుకాకముందే చేతికివ్వడం ఒక పద్ధతిగా పెట్టుకోండి. చందాల లెక్క తేలేదాకా వారిని మందిరం అరుగు మీద కూర్చోబెట్టడం చాలా ఊళ్లలో చూస్తున్నాము.

మూడు మానుల్లో రెండింటిని గోరింకలు, ఒకదానిని చిలుకలు తీసుకున్నాయి. పాలపిట్ట 17 అడుగుల మాను మీద కూర్చుంటున్నది గాని దానికి తొర్ర దక్కలేదు. జనవరి నెలాఖరులోపు పడమటి గోడవైపు ఎండిన తాటిమాను ముక్క ఒకటి, లోపలి వ్యాసం 8 అంగుళాలు ఉండేలా తొలిపించి, 15 అడుగుల ఎత్తున స్తంభానికి కట్టాలి. గోరింకలు దానినీ ఆక్రమిస్తాయో లేదో చూడాలి. ఖాళీ పెట్టెలు మూడింటిని మండపం చూరు కిందికి మార్చాలి. బకెట్ ఉచ్చులో ఎరను మార్చే తేదీ దగ్గర పడింది.